అమ్మమ్మ రక్తం ఏ గ్రూపు?

నా జీవితంలో సరిచూడకుండా రాయించిన వివరం ఒక్కటే ఉంది. 1972లో, విజయవాడలో ఒక ఆస్పత్రి కార్డు మీద, ‘భర్త రక్తం గ్రూపు’ అన్న గడిలో ‘అదే’ అని రాయించాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. జవాబు వచ్చాక దాన్ని వెనక్కి చేసి చూపించనిదే పూర్తి మార్కులు వేసేదాన్ని కాదు. పిల్లలు నాకు ‘సరిచూడు టీచరు’ అని పేరు పెట్టారని తెలిసీ తెలియనట్టే ఉండేదాన్ని. అలాంటిదాన్ని ఆ గడి దగ్గర ఎందుకు ఆగలేదో చెప్పాలంటే ముందు మా ఇంటి చుట్టరికం చెప్పాలి.

నా భర్త నాకు సొంత మేనమామ. మా అమ్మమ్మకు బతికిన పిల్లలు ఇద్దరే. పెద్దది మా అమ్మ, ఆమె తర్వాత తొమ్మిదేళ్ళకు మావయ్య. అమ్మ నా తొమ్మిదో ఏట టైఫాయిడ్‌తో పోయింది. అప్పటినుంచి అమ్మమ్మే నన్ను పెంచింది. 1967లో మావయ్యతో నా పెళ్ళయ్యాక ఆమే నాకు అత్తగారు కూడా అయింది. కొత్త వరసకు కొత్త పిలుపు నాకు చేతకాలేదు. ఆవిడ అమ్మమ్మగానే ఉండిపోయింది, ఆయన మావయ్యగానే ఉండిపోయాడు. మా వైపు మేనరికాల్లో ఇది మామూలే, ఎవరూ వింతగా చూడరు.

1969లో పెద్దపిల్ల పుట్టింది. ఏ ఇబ్బందీ లేదు. 1972లో రెండో కాన్పుకు ఆస్పత్రిలో పేరు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు నర్సు నా రక్తం చూసి, “మీది నెగెటివ్ అమ్మా. మీవారిది ఏ గ్రూపు?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు పక్కన నిలబడ్డ మావయ్య నవ్వేశాడు. “నేను మేనమామనండీ. మా ఇద్దరిదీ ఒకటే రక్తం. ఇంక వేరే చూసేదేముంది?”

నర్సు నావైపు చూసింది. నేను తల ఊపాను. “అదే” అన్నాను. ఆమె అలాగే రాసింది. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు. ఒక ఇంటి రక్తం ఒకటేనని మేము పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. మావాళ్ళలో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్ళు. కానీ లెక్కలు చెప్పేది మాత్రం నేనొక్కదాన్నే.

మగపిల్లవాడు పుట్టాడు. మొదటి సాయంత్రానికే కళ్ళు పచ్చబడ్డాయి. రెండో రోజుకు అరికాళ్ళ దాకా పసుపు పూసినట్టయ్యాడు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. ఆ తర్వాత మావయ్య వేలు పొడిచి రక్తం చూస్తే పాజిటివ్. “ముందే తెలిసుంటే పుట్టగానే రక్తం మార్చడానికి అంతా సిద్ధంగా ఉంచేవాళ్ళం” అన్నారు అక్కడి డాక్టరు. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను.

చుట్టాలు రెండు పార్టీలుగా విడిపోయారు. “మేనమామ రక్తం మేనకోడలికి పడకపోవడమేంటి, డాక్టర్లు ఏదో ఒకటి చెప్తారు” అని ఒక పార్టీ. “మేనరికం చేసుకుంటే ఇంతే, మేం అప్పుడే అనుకున్నాం” అని రెండో పార్టీ. వాళ్ళు అప్పుడు ఏమీ అనుకోలేదు. పెళ్ళిలో మూడు పూటలా తిని వెళ్ళారు. రెండూ తప్పేనని తెలియడానికి నాకే మూడేళ్ళు పట్టింది.

1975 జూన్‌లో మళ్ళీ నెల తప్పింది, జులై ఆఖరుకు రూఢి అయింది. ఈసారి బందరు రోడ్డులో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. క్రైస్తవుల ఇంటి ఆవిడ, మద్రాసులో చదివారు. నా పాత కార్డు తీసుకుని, ‘అదే’ అన్న మాట కింద గోటితో గీత గీశారు. నేను జరిగింది చెప్పాను. ఆవిడ కాగితం తిరగేశారు.

“చూడమ్మా, మొదటి కాన్పులో పెద్దమ్మాయి రక్తం కొంచెం నీ రక్తంలో కలిసింది. అది పాజిటివ్. నీ ఒంటికి కొత్త. దాన్ని విరగ్గొట్టే పదార్థం నీ ఒళ్ళు తయారుచేసుకుంది. దాన్నే యాంటీబాడీ అంటాం. రెండో బిడ్డ రక్తాన్ని విరగ్గొట్టింది అదే. కామెర్లు అందుకే వచ్చాయి. అది ఇప్పటికీ నీలో ఉంది.”

“ఈ బిడ్డ నెగెటివ్ అయితే?”

“అయితే ఏ గొడవా లేదు. దానికి ఈ బిడ్డలో విరగ్గొట్టేందుకేమీ ఉండదు.”

“అయ్యే వీలు ఎంతండీ?”

ఆవిడ నావైపు కొంచెం ఆసక్తిగా చూశారు. “ఎంత అని అడిగింది నువ్వే మొదలు. అందరూ అవుద్దా కాదా అని అడుగుతారు. మనిషికి ఈ విషయంలో రెండు పాళ్ళు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒక్క పాలు పాజిటివ్ అయినా రక్తం పాజిటివ్‌గానే కనిపిస్తుంది. నీకు రెండూ నెగెటివే. మీవారికి రెండూ పాజిటివ్ అయితే మీకు పుట్టే ప్రతి బిడ్డా పాజిటివే. ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్ అయితే సగం సగం.”

“ఆయనకు ఏవి ఉన్నాయో ఎలా తెలుస్తుంది?”

“చూసే పరీక్ష మన ఊళ్ళో లేదు.” ఆవిడ కలం మూసి పెట్టారు. “నీ పెద్దమ్మాయి నెగెటివ్ అయి ఉంటే తెలిసిపోయేది. పాజిటివ్ కాబట్టి ఏమీ తేలదు. నిజం చెప్పాలి గదా. రెండూ పాజిటివ్ అనే అనుకోవాల్సి వస్తే ఈ కాన్పు ముందుకు తీసుకెళ్ళమని నేను చెప్పను. పోయినసారి బిడ్డ పుట్టి మూడు రోజులున్నాడు. ఈసారి అంతదాకా కూడా రాకపోవచ్చు. నీకూ ప్రమాదం. రెండు వారాలు ఆలోచించుకుని రా. ఈలోగా యాంటీబాడీ ఎంత ఉందో చూపించు.”

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల ల్యాబు ఉండేది. నడిపేది ఒక సాయిబుగారు. వాళ్ళ నాన్న అత్తరు అమ్మేవారట. చుక్కలు కొలవడం ఇంట్లోనే నేర్చుకున్నానని ఆయన చెప్పేవారు. నా రక్తం తీసి, తేరుకున్నాక పైన తేలిన నీరుని వరసగా ఎనిమిది ట్యూబుల్లో పోశారు. మొదటి దాంట్లో ఒక వంతుకు ఒక వంతు ఉప్పునీళ్ళు. అందులోంచి సగం తీసి రెండో దాంట్లో కొత్త ఉప్పునీళ్ళతో కలిపారు. అందులో సగం మూడో దాంట్లో. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ట్యూబు ట్యూబుకీ పలచన రెట్టింపు. తర్వాత ప్రతి ట్యూబులో పాజిటివ్ రక్తకణాలు వేసి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, కడిగి, మద్రాసు నుంచి మంచులో వచ్చే ఒక సీరం చుక్క వేస్తారు. యాంటీబాడీ ఉన్న ట్యూబులో రక్తం ఉండలు కడుతుంది. లేని దాంట్లో నున్నగా ఉంటుంది. ఎన్నో ట్యూబు దాకా ఉండ కట్టిందో అదే జవాబు.

నాది మూడో ట్యూబు. అంటే ఎనిమిది. “ఐదో ట్యూబుకు, అంటే ముప్పై రెండుకు, వస్తే మద్రాసు వెళ్ళాలంటారు డాక్టరమ్మగారు” అన్నారాయన. నేను డైరీలో తారీఖు వేసి ‘8’ అని రాసుకున్నాను.

ఆ రెండు వారాల్లో మావయ్య చిక్కిపోయాడు. “ఈ బిడ్డ వద్దులే, ఒక పిల్ల ఉంది చాలు. నువ్వు బాగుంటే చాలు” అన్నాడు. నాకు ఆ బిడ్డ కావాలి. అయితే కావాలి అన్నది లెక్కలో ఎక్కడా రాదు.

ఎనిమిదో తరగతి వాళ్ళకు బోర్డు మీద కారణాంకాలు చెబుతున్నాను. పెద్ద సంఖ్య కింద రెండు గీతలు, వాటి కింద మళ్ళీ రెండు గీతలు. సగంలో సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను. నా రెండు నెగెటివ్ పాళ్ళలో ఒకటి మా అమ్మది. అమ్మకు అది ఎక్కడిది? అమ్మమ్మదో తాతయ్యదో. తాతయ్య లేడు. అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ రక్తం గనక నెగెటివ్ అయితే ఆమెకు రెండు పాళ్ళూ నెగెటివే. అప్పుడు ఆమె కన్న ప్రతి బిడ్డకూ ఒక నెగెటివ్ పాలు ఇచ్చే ఉండాలి. ఇవ్వడానికి ఆమె దగ్గర వేరేది లేదు. మావయ్య ఆమె బిడ్డే. బయటివాణ్ణి పెళ్ళాడి ఉంటే నా రక్తం అతని గురించి ఏమీ చెప్పేది కాదు. మా చుట్టాలు తిట్టిన మేనరికమే నాకు ఈ దారి చూపించింది.

“టీచర్, రెండో గీత కింద ఏం రాయాలండీ?” అని ముందు బెంచీ పిల్ల అడిగింది.

“అదే చూడాలి” అన్నాను.

శనివారం బడి వదలగానే కూచిపూడి వెళ్ళే బస్సెక్కి, కాలవ వంతెన దగ్గర దిగి, మైలు నడిచి మా ఊరు చేరాను. నాట్ల రోజులు. అమ్మమ్మ గట్టు మీద నిలబడి నాటేవాళ్ళను అదిలిస్తోంది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంది, కాళ్ళు పిక్కల దాకా బురద.

“ఏమే, ఈ వేళప్పుడు ఇంత ఎండలో నడిచొచ్చావా, వట్టి మనిషివి కూడా కాదు!”

“నీ రక్తం కావాలి అమ్మమ్మా.”

“పొద్దున్నించీ ఈ కూలోళ్ళు తాగుతానే ఉన్నారు. మిగిల్తే పట్టుకుపో.”

నాటేవాళ్ళలో ఒకామె నడుం ఎత్తకుండానే, “ఆవిడ రక్తం మాకెందుకమ్మా, అంతా కారమే!” అంది. అందరూ నవ్వారు.

ఇంటికి వచ్చాక విషయం చెప్పాను. బెజవాడ వచ్చి వేలు పొడిపించుకోమన్నాను. అమ్మమ్మ ససేమిరా అంది. “అరవై అయిదేళ్ళ దాని రక్తంతో ఏం తేలుద్దే? కడుపుతో ఉన్నది నువ్వు. నేనెప్పుడో కని మానేశాను.”

చెప్పి లాభం లేదని అరుగు మీద ఉన్న గిన్నెలోంచి చింతపిక్కలు తీశాను. పిల్లలు గవ్వల్లేనప్పుడు ఆడుకోవడానికి ఒకవైపు అరగదీసి పెట్టుకున్న పిక్కలవి. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. అమ్మమ్మ ఆటలో ఊళ్ళో ఆమెను గెలిచినవాళ్ళు లేరు.

“మనిషికి రెండు పిక్కలు. పిల్లకు తల్లి ఒకటి ఇస్తుంది, తండ్రి ఒకటి ఇస్తాడు. ఒక్కటి నల్లదైనా రక్తం పాజిటివ్. రెండూ తెల్లవైతే నెగెటివ్. ఇవి నావి.” రెండు పిక్కలు తెల్లవైపు పైకి పెట్టాను. “ఇవి మావయ్యవి. ఒకటి నలుపని తెలుసు. రెండోది తెలియదు.” ఒక నల్లపిక్క పెట్టి, రెండోదాన్ని గుప్పిట్లో మూశాను.

అమ్మమ్మ నా గుప్పిట మీద వేలితో తట్టింది. “ఈ గుప్పిట్లోది నేనిచ్చానో మీ తాత ఇచ్చాడో.”

“నీ రెండూ తెల్లవైతే నువ్విచ్చింది తెల్లదే.”

“నల్లదైతే?”

“నీది ఒక్కటి నల్లదైనా ఏమీ తెలియదు. ఇంక డాక్టరుగారు చెప్పినట్టే.”

అమ్మమ్మ నా పొట్టవైపు చూసి, మళ్ళీ పిక్కలవైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది. “నీ పిల్లోడు పచ్చబడి పోయాడు గదా. ఎన్నో రోజు పోయాడు?”

“మూడో రోజు. నీకు తెలుసు గదా అమ్మమ్మా.”

“తెలుసు. లెక్క చూసుకుంటున్నాను. మీ మావయ్య తర్వాత నాకు ముగ్గురు. ఒకడు రెండో రోజు, ఒకత్తి మూడో రోజు, ఆఖరోడు పుట్టిన రోజే. ముగ్గురూ పచ్చ బంగారమే.”

నా చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. అమ్మమ్మకు ముగ్గురు పోయారని మాకందరికీ తెలుసు. ‘పురిట్లో పోయారు’ అనేవాళ్ళు, అంతే. ఎలా పోయారని ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

“మొన్న నీ పిల్లోడప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పమంటావే? ఏడుపు చూడలేక మూడు రోజులు ఆగకుండానే ముర్రుపాలు పట్టాను. మా అత్త నా పాలు విషమంది. మొదటివాడు పోయినప్పుడు అంది, రెండోది పోయినప్పుడు రూఢి చేసింది. ఆఖరోడికి నా రొమ్ము తగలనీకుండా పాలన్నీ గోడకు పిండించి, పక్కింటామె దగ్గర పాలు పట్టించింది. అయినా ఆ సాయంత్రమే పోయాడు. చూశావా, తగలకపోయినా దీని గాలికే పోయాడంది. నీ పిల్లోడు పోయినప్పుడు నాకేమనిపించిందంటే, నిన్ను పెంచింది నేనే గదా, నా చేతి కూడు తిన్నావు గదా, నా విషం నీకూ వొచ్చిందని.”

నేను కాదు అని అనలేదు. చూడకుండా చెప్పిన మాటకు మేము ఒకసారి మూల్యం చెల్లించాం. “రేపు పద అమ్మమ్మా. చూపిద్దాం” అన్నాను.

“రేపెందుకు, ఇప్పుడే పద” అంది. కాని ఆదివారం ల్యాబు ఉండదని అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం నాట్లను పాలేరుకు అప్పగించి, నాలుగేళ్ళుగా పెట్టెలో ఉన్న పట్టుచీర కట్టుకుని, మొదటి బస్సులో నాతో వచ్చింది. నేను బడికి సగం రోజు సెలవు పెట్టాను. అది ఆ ఏడాది నేను పెట్టిన మొదటి సెలవు.

సాయిబుగారు గౌరవంగా కుర్చీ వేశారు. “పెద్దమ్మగారూ, చిన్న సూది. చీమ కుట్టినట్టు ఉంటుంది.”

“నాట్లలో జలగలు పట్టినప్పుడే నేను కిమ్మనలేదు నాయనా. కానీ.”

ముందు గ్రూపు చూశారు. గాజు పలక మీద చుక్క వేసి, అటూ ఇటూ ఊపారు. మూడు నిమిషాలు. నేను గోడగడియారంలో ముల్లు చూస్తున్నాను. ఆయన పలకను వెలుతురుకు ఎత్తి, నాకు చూపించి, మళ్ళీ ఇంకో సీసాతో చేసి, అప్పుడు చెప్పారు. “నెగెటివ్ అమ్మా. సందేహం లేదు.”

బస్టాండులో మమ్మల్ని కలుసుకుని, దారిలో పిక్కల లెక్క విన్న మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను ఆయనవైపు చూసి గుప్పిట తెరిచాను. ఊరినుంచి తెచ్చిన చింతపిక్క అందులో ఉంది. అరచేతిలో తెల్లవైపు పైకి తిప్పి పెట్టాను. ఆయనకు లెక్కలు రావు గాని ఆ లెక్క వచ్చింది.

“సాయిబుగారూ, ఇంకొక పని” అన్నాను. “నాకు చేసిన యాంటీబాడీ పరీక్ష ఈవిడకు కూడా చెయ్యండి.”

“ఈ వయసులోనా? పెద్దమ్మగారి ఆఖరి కాన్పు ఎప్పుడు?”

“అప్పుడు మీ మావయ్యకు మూడో తరగతి” అంది అమ్మమ్మ నాతో. నేను లెక్కవేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు.

“ఇన్నేళ్ళకు ఉండకపోవచ్చు. ఉన్నా చాలా తక్కువ ఉంటుంది” అన్నారు. అయినా ట్యూబులు వరస పెట్టారు. రెండు గంటలు పట్టింది. ఈలోగా అమ్మమ్మ ఆయన ఇంటివాళ్ళ సంగతులన్నీ అడిగి తెలుసుకుంది, ఆయన పెద్దకూతురికి సంబంధం కూడా ఒకటి చూస్తానంది. “మా వాళ్ళలో చూడాలి పెద్దమ్మగారూ” అని ఆయన నవ్వితే, “మీ వాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారులే” అంది.

ఆఖరికి ఆయన రెండో ట్యూబు తీసి, మెల్లగా తట్టి, భూతద్దం అమ్మమ్మ చేతికిచ్చారు. “చూడండి.”

అమ్మమ్మ ఒక కన్ను మూసి చూసింది. “రాగిజావ ఉండ కట్టినట్టుందే.”

“ఈ పక్కది చూడండి. ఇది మామూలు రక్తం.”

“ఇది నున్నగా ఉంది.”

“ఆ ఉండ కట్టించేదే పెద్దమ్మగారూ మీ పిల్లల రక్తాన్ని విరగ్గొట్టింది. ముప్పై ఏళ్ళయినా మీ ఒంట్లో ఇంకా కొంచెం ఉంది. కడుపులో ఉండగానే బిడ్డకు చేరుతుందది. పుట్టాక మీరు ఏం పెట్టారు, ఎవరి పాలు పట్టారు, దానితో పనిలేదు.”

అమ్మమ్మ భూతద్దం దించలేదు. “అయితే నా పాలు కాదా?”

“కాదమ్మా.”

“సరిగ్గా చూసే చెప్తున్నావా నాయనా?”

“రెండుసార్లు చూశాను.”

అమ్మమ్మ భూతద్దం బల్ల మీద పెట్టి, పట్టుచీర కొంగు సర్దుకుని లేచింది. “ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు” అంది. ఆయన రాసి ఇచ్చారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మర్నాడు డాక్టరుగారికి ఆ కాగితం చూపించాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీశారు. “అత్తగారి రక్తం చూపించాలని నీకు ఎవరు చెప్పారు?”

“ఎనిమిదో తరగతి లెక్క అండీ.”

“నేను చెప్పాల్సింది, నాకు తట్టలేదు.” అంత మాట అనగలిగినందుకే ఆవిడంటే నాకు చివరిదాకా గౌరవం. “సరే. సగం సగం. ముందుకు వెళ్దాం. నెలకొకసారి పరీక్ష. బిడ్డ పాజిటివ్ అయితే ట్యూబులు పెరుగుతాయి. నెగెటివ్ అయితే పెరగక్కర్లేదు.”

మెట్లు దిగుతుంటే మావయ్య, “సగమేనా?” అన్నాడు.

“నిన్నటిదాకా సున్నా అనుకున్నావు” అన్నాను.

ఆ మొదటి పరీక్షతో కలిపి నా డైరీలో నెలకొక అంకె. ఆగస్టు, 8. సెప్టెంబరు, 8. అక్టోబరు, 8. నవంబరు, 8. ఒకే అంకెను నాలుగుసార్లు రాయడంలో ఇంత సంతోషం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఊళ్ళో అమ్మమ్మ ఈలోగా ఆ కాగితం సంగతి ఇంటింటికీ చెప్పింది. తనను ‘విషప్పాలది’ అన్న అత్త ఎప్పుడో పోయింది గాని ఆ మాట విన్న ముసలమ్మలు నలుగురైదుగురు బతికే ఉన్నారు. వాళ్ళ అరుగుల మీద కూర్చుని, “నాది నెగెటివు. నీదేంటో నీకు తెలుసా? ఏమీ తెలీకుండానే బతికేస్తున్నావే!” అనేదట.

డిసెంబరులో సాయిబుగారు నాలుగో ట్యూబు ఎత్తి చూపించారు. ఉండలు ఉన్నాయి. పదహారు.

బల్ల అంచు పట్టుకున్నాను. ఏడో నెల దాటింది. ఐదో ట్యూబుకు ఒక్క మెట్టు. బిడ్డ లోపల కాలు ఆడించింది. ఆ కదలిక తెలుస్తూ ఉండగా అంకె రాయడం చాలా కష్టం. డైరీ తెరిచాను, తారీఖు వేశాను, అంకె దగ్గర కలం ఆగింది. ఒకసారి ‘అదే’ అని రాయించినదాన్ని. ఈసారి చూడకుండా రాయదలచుకోలేదు. బల్ల మీద ఉన్నవన్నీ వరసగా చూశాను.

“సాయిబుగారూ, ఆ మద్రాసు సీరం సీసాకు పోయిన నాలుగుసార్లూ నీలం చీటీ ఉంది. ఇవాళ ఎర్రచీటీ.”

ఆయన సీసా తిప్పి చూసి, మొదటిసారి గట్టిగా నవ్వారు. “కొత్త సీసా. మొన్ననే వచ్చింది. మీరు చెప్పకపోయినా ఇప్పుడు చేయబోయే పని అదే. ఒక్క ట్యూబు తేడాను నేను తేడా అనను టీచరమ్మా. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. మీ పోయిన నెల రక్తంలో కొంచెం దాచి ఉంచాను.”

“ఎక్కడ?”

“కింద ఐస్‌ఫ్రూట్ల కంపెనీ వాళ్ళ పెట్టెలో. నా దగ్గర అంత చల్లగా ఉండేది లేదు. మీ పేరు రాసి గట్టిగా మూత పెట్టి, ద్రాక్ష ఐస్‌ఫ్రూట్ల వెనక పెట్టాను. అమ్మేవాళ్ళకు చెప్పే ఉంచాన్లెండి.”

మావయ్య ముఖం చూడాల్సింది. తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఐస్‌ఫ్రూట్ తినలేదు.

సాయిబుగారు కిందికెళ్ళి ఆ చిన్న సీసా తెచ్చి, కరిగించి, నవంబరు రక్తాన్నీ డిసెంబరు రక్తాన్నీ రెండు వరసల్లో పెట్టి, అదే ఎర్రచీటీ సీసాతో, ఒకేసారి చేశారు. రెండు గంటల తర్వాత రెండు నాలుగో ట్యూబులూ చెరో చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి రమ్మన్నారు. రెండింట్లోనూ ఉండలు. రెండు ఐదో ట్యూబులూ నున్నగా ఉన్నాయి.

“మీ రక్తం మారలేదు. నా సీసా మారింది, అంతే. ఇది కొంచెం చురుకైన సీసా.”

నేను డైరీలో ‘16, కొత్త సీసా, నవంబరుది కూడా 16’ అని రాసి, కింద గీత గీశాను. అంత నిండుగా గీసిన గీత ఆ డైరీలో ఇంకొకటి లేదు. జనవరిలో ఆ రెంటి పక్కన కొత్తది మూడో వరసగా పెట్టి చేశారు. అదీ పదహారే.

1976 ఫిబ్రవరిలో, పొద్దున్న తొమ్మిది గంటల పది నిమిషాలకు మగపిల్లవాడు పుట్టాడు. డాక్టరుగారు బిడ్డను అటూ ఇటూ తిప్పి, కంటి రెప్ప తీసి చూసి, బొడ్డుతాడులోంచి రక్తం పట్టి మావయ్య చేతికిచ్చారు. ఆయన ట్యూబును చొక్కా జేబులో పెట్టుకుని, ఒక చేత్తో జేబు పట్టుకుని, ఒంటి చేత్తో సైకిలు తొక్కుకుంటూ గవర్నర్‌పేట వెళ్ళాడు. 

బిడ్డ నా పక్కన ఉన్నాడు. ఏడుస్తున్నాడు. అమ్మమ్మ మంచం పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. వార్డులో ఆయా పంచదార నీళ్ళు, దూదివత్తి తెచ్చి పెట్టింది. మా వైపు మూడు రోజులదాకా తల్లి పాలు పట్టేవాళ్ళు కాదు. మొదటి ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసేవాళ్ళు. పెద్దపిల్లకూ అంతే చేశారు, పోయినవాడికీ అంతే చేశారు. అలా చేసింది అమ్మమ్మే.

పదీ నలభై అయిదుకు మావయ్య వచ్చాడు. మెట్లు ఎక్కిన ఆయాసం, చేతిలో కాగితం. చదవలేకపోయాడు, నాకే ఇచ్చాడు. మొదటి వరసలో గ్రూపు, నెగెటివ్. రెండో వరసలో, బిడ్డ రక్తానికి యాంటీబాడీ అంటుకుని ఉందా అన్న పరీక్ష. దాని ఎదుట ‘లేదు’. కింద సాయిబుగారు సంతకం పెట్టి, దాని కింద ‘రెండుసార్లు చూశాను’ అని రాశారు.

“ఏమైందే? చదువు” అంది అమ్మమ్మ.

“తెల్లది, తెల్లది” అన్నాను.

మావయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరుగారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, బల్ల మీద ఉన్న నా పాత కార్డు తెరిచి, ‘భర్త రక్తం గ్రూపు’ గడిలో ‘అదే’ని ఒక్క గీతతో కొట్టేసి సరైనది రాశారు.

ఆయా వత్తిని పంచదార నీళ్ళలో ముంచింది. అమ్మమ్మ లేచి ఆ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది.

“అదేంటి పెద్దమ్మా, మూడు రోజులు కావద్దా?” అంది ఆయా.

“ఎవరు చెప్పారు?”

“అందరూ అదే గదా…”

“అందరూ చెప్పింది నేను ముప్పై ఏళ్ళు మోశాను. ఎవళ్ళూ చూసి చెప్పలేదు.” బిడ్డను ఎత్తి నా రొమ్ముకు ఆనించింది. వాడు వెతుక్కుని, పట్టుకుని, ఏడుపు ఆపాడు. అమ్మమ్మ మంచం మీద ఒంగి వాడి దవడ కదలడం చూస్తూ ఉండిపోయింది.

నేను గడియారం చూశాను. పదీ యాభై రెండు. డైరీలో రాశాను.